గిరిజనులు వేసుకున్న కొండబాటలకు చట్టబద్ధత కల్పించాలి

2020 ఆగస్టులో సాలూరు మండలం కొదమ పంచాయతీ చింతామల గిరిజనులు ఇంటికింత అని చందా వేసుకుని, కొండను తొలిచి తామే రోడ్డు వేసుకున్నారు. సినీ నటుడు సోనూ సూద్ మెచ్చుకోవడంతో ఆ వార్త దేశమంతా పాకింది. అప్పుడది విజయనగరం జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. జిల్లా పేరు మారింది గానీ డోలీ మోత పోలేదు. పురిటి నొప్పులొచ్చినా, పాము కరిచినా చాలా గూడేల్లో ఇప్పటికీ కర్రకు దుప్పటి కట్టి మోసుకురావాల్సిందే.

ఇది వైద్యం సమస్యే కాదు, పంట ధర సమస్య కూడా. చింతపండు, జీడిపిక్కలు, కొండచీపుర్లు నెత్తిన పెట్టుకుని సంతకు దిగిన మనిషి ఆ బరువుతో తిరిగి కొండెక్కలేడు. షావుకారు చెప్పిందే ధర అవుతుంది.

బాట వేసుకుంటే మాత్రం 'అటవీ భూమి, అనుమతి లేదు' అంటారు. అనుమతికి దారి చట్టంలోనే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) ప్రకారం రోడ్డు, బడి, అంగన్‌వాడీ వంటి ప్రభుత్వ సదుపాయాలకు గ్రామసభ సిఫారసుతో ఒక్కో పనికి హెక్టారులోపు అటవీ భూమి ఇవ్వవచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. 3 మీటర్ల వెడల్పుతో లెక్కేసినా సుమారు 3 కిలోమీటర్ల బాట ఇందులో ఇముడుతుంది.

అలాగని చేతికందినట్టు తవ్విన బాటతో నష్టం లేదనలేం. నిటారుగా కోసిన దారి వానొస్తే వాగవుతుంది. చక్రాల గాడిలో నీరు పరుగెత్తి మట్టిని, రాళ్లను గెడ్డలోకి దించుతుంది. దిగువ మడుల్లో మేట పడుతుంది. ఎగువ గిరిజనుడికీ దిగువ రైతుకీ తగువు పుడుతుంది. వాలుకు అడ్డంగా మెలికలు తిప్పి, పక్కకాలువ తీసి, తూములు పెట్టి, గెడ్డ దాటేచోట కల్వర్టు కడితే ఈ నష్టం చాలావరకు తగ్గుతుంది. ఆ పని తెలిసిన ఇంజనీరు కొండెక్కకపోవడమే అసలు లోపం.

కెనడాలో కొండ సైకిళ్ల సరదా కోసం అడవుల్లో అనుమతి లేకుండా బాటలు వేసినవారున్నారు. అక్కడి అధికారులు కొన్నింటిని మూసేశారు, కొన్నింటిని సరిచేయించి గుర్తించారు. సరదా బాటకే ఆ వీలున్నప్పుడు ప్రాణం నిలిపే బాటకు ఎందుకుండదు? గ్రావెల్ కోసం పొక్లెయిన్లతో దొంగదారులు కోసేవారిని, గునపాలతో ఊరిబాట వేసుకున్నవారిని ఒకే గాటన కట్టడం అన్యాయం.

అందుకే సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏలను, అటవీశాఖను డిమాండ్ చేస్తున్నాం:

• గిరిజనులు సొంతంగా వేసుకున్న బాటలన్నిటినీ సర్వే చేసి, సెక్షన్ 3(2) కింద అనుమతులివ్వాలి.

• బాట వేసుకున్నవారిపై కేసులు పెట్టరాదు.

• కాలువలు, తూములు, కల్వర్టులకు నిధులిచ్చి, స్థానికులకే కూలి పని కల్పించాలి.

• మేట పడిన మడులకు పరిహారం చెల్లించాలి.

గూడెం పెద్దలకు, రైతు సోదరులకు మా విజ్ఞప్తి ఒక్కటే. వానలు రాకముందే గ్రామసభ పెట్టించండి. బాట పొడవు, వెడల్పు, చెట్ల లెక్క రాసి తీర్మానం చేయండి. నకలుపై అధికారి సంతకం, తేదీ తీసుకోండి. దిగువ రైతులనూ ఆ సభకు పిలవండి. బాట ఇద్దరికీ కావాలి.