టైమ్‌షీట్ ఎవరి చేతిలో ఉంది?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి తన టైమ్‌షీట్ తానే నింపుకుంటాడు. మేనేజర్ ఒప్పుకోకపోతే సరిచేసి మళ్ళీ పంపిస్తాడు. మా మద్దికెర వైపు సుగ్గికి పోకుండా ఊళ్ళోనే ఉండి ఉపాధి హామీ పనికి పోయే అక్కలకి ఆ వీలు లేదు.

దొంగ మస్టర్లు ఆపాలని 2023 జనవరి 1 నుంచి ఎన్ఎంఎంఎస్ యాప్‌లో రోజుకి రెండుసార్లు ఫోటో తీసి హాజరు వేయాలన్నారు. ఉద్దేశం మంచిదే. కానీ ఫోటోకి ఫోటో తీసి పెడుతున్నారని 2025 జూలైలో కేంద్రమే చెప్పింది. దొంగలకి దారి దొరికింది. సిగ్నల్ లేక రెండో ఫోటో ఎక్కకపోతే మాత్రం ఎండలో మట్టి తవ్విన మనిషి కూలికే ఎసరు. పైగా మన దగ్గర కూలి కట్టేది తవ్విన మట్టి కొలతని బట్టి. మనిషి అక్కడ ఉందని తప్ప ఎంత తవ్విందో ఫోటో చెప్పదు కదా!

యాప్ తీసేయమని నేను అనను. డేటా ఒక్కచోటే ఉంటే అది పోయినరోజు అడగడానికి ఆధారం ఉండదు, బ్యాకప్ కావాలి. ఆ బ్యాకప్ ఇప్పటికే ఉంది, జాబ్ కార్డు. అది కూలీ దగ్గరే ఉండాలి, చేసిన పని రోజులు అందులో పెన్నుతో రాయాలి. యాప్‌కీ కార్డుకీ లెక్క కుదరకపోతే, తప్పు కూలీదని ముందే తేల్చేయకూడదు.