విజ్ఞాన విశేషములు: సూక్ష్మజీవుల దారి

ఉట్టిమీది బెల్లమునకు చీమలు దారి కనుగొనుట మన మెఱుగుదుము. కన్నును ముక్కును లేని సూక్ష్మజీవులకు సైతము అట్టి నేర్పు గలదు.

దీనిని పరీక్షించుటకై శాస్త్రజ్ఞులు రబ్బరువంటి మెత్తని సిలికోను పలకలో వెండ్రుకవంటి కాలువలు చేయుదురు. అంత సన్నని కాలువలో ఆహారద్రవమును వట్టినీటిని ప్రక్కప్రక్కగా పాఱించినను సుడులై కలియవు. మెల్లగా నొకదానిలోనికొకటి యింకును. అందుచే నొక యంచున చిక్కదనము, క్రమముగా రెండవ యంచున పలుచదనము నేర్పడును. 2003 లో అమెరికాలో మావో, క్రెమరు, మాన్సను అనువారు ఇట్టి సాధనమున సూక్ష్మజీవులను వదలి, ఏ వైపునకెన్ని పోయినవో లెక్కించిరి.

మన ప్రేగులలోని ఈ. కోలి యను జీవి సుమారొక సెకను తిన్నగా నీది, క్షణమాత్రము పొర్లి దిక్కు మార్చును. ఆహారము హెచ్చుచున్నచో పొర్లుట తగ్గించి ముందునకు సాగును.

ఇది వట్టి వినోదము గాదు. పెక్కు కడుపుపుండ్లకు కారణమగు హెలికోబాక్టరు పైలోరి జఠరామ్లమును తప్పించుకొని జిగురుపొరలో దాగుటకు ఈ నేర్పే తోడ్పడుచున్నది. ఈ క్రిమిని కనుగొన్న మార్షలు, వారెను గార్లకు 2005 లో నోబెలు బహుమాన మీయబడినది. కావున ఇల్లాలి కడుపునొప్పిని కారమునకో చింతకో అంటగట్టి యూరకుండరాదు, వైద్యునిచే పరీక్షింపజేయవలెను.