ఘాట్ దిగేటప్పుడు గేరులోనే



పెండ్లికో, సభలకో, పిల్లల సెలవులకో జీపు గాని వ్యాను గాని మాట్లాడుకొని అరకు, పాడేరు, మారేడుమిల్లి వైపు వెళ్లే కుటుంబాలు మన సంఘాలలో అనేకం. ఘాట్ ఎక్కేటప్పుడు అందరికీ భయమే. దిగేటప్పుడు బండి తనంతట తానే పోతుంది గనుక డ్రైవరు కూడా కులాసాగా ఉంటాడు. అసలు అపాయం ఆ దిగుడులోనే ఉన్నది.

మన ఎద్దుబండినే చూడండి. బరువుతో పల్లం దిగేటప్పుడు ఎద్దులు గిట్టలు ఆనించి బండిని ఆపుకొంటూ దిగుతాయి. నడి పల్లంలో కాడి విప్పేసేవాడు ఎవడైనా ఉంటాడా? డీజిలు మిగులుతుందని న్యూట్రల్ చేసి ఘాట్ దిగే డ్రైవరు చేసేది అదే. కారులో ఆ ఎద్దుల పని చేసేది ఇంజను. గేరులో ఉంచి యాక్సిలరేటరు మీద నుండి కాలు తీస్తే, ఇంజనును చక్రాలే తిప్పవలసివస్తుంది. ఆ బరువుకు వేగం అదుపులో ఉంటుంది. గేరు ఎంత తక్కువైతే పట్టు అంత ఎక్కువ. పైగా నేటి ఇంజన్లలో అట్లా దిగేటప్పుడు ఇంధనం సరఫరా దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనైతే కొంత కాలుతూనే ఉంటుంది. మరి మిగిలిందేమిటి? ఇక ఇంజనే ఆపేసి దిగేవారున్నారు. రెండు మూడు సార్లు తొక్కేసరికి వారి బ్రేకు పెడలు రాయిలా బిగుస్తుంది, స్టీరింగు బరువెక్కుతుంది.

బ్రేకు మీదనే కాలు ఉంచి దిగవచ్చు గదా అంటారేమో. బ్రేకు చేసేది వేగాన్ని వేడిగా మార్చడమే. మైళ్ల కొద్దీ విడవకుండా తొక్కితే లైనింగులు కాలి పట్టు తప్పుతాయి. బ్రేకు ఆయిలు మరిగి బుడగలు పుడితే పెడలు మెత్తగా అడుగంటా దిగిపోతుంది గాని బండి ఆగదు. ఏళ్ల తరబడి మార్చని ఆయిలు తేమ పీల్చుకొని ఉంటుంది గనుక ఇంకా త్వరగా మరుగుతుంది.

ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పే మాట మంచిది. కొన్ని కొత్త కార్లకు అంతకంటే తక్కువ గేరు కావాలి. దానిని వాలు మొదలు కాకముందే వేయాలి. అయినా వేగం పెరిగితే బ్రేకు గట్టిగా తొక్కి, వేగం తగ్గించి, వదిలేయాలి.

ఆటోమేటిక్ కారు కొన్నవారు ఇది తమకు వర్తించదనుకొంటారు. లివరు ‘డి’లోనే వదిలేస్తే చాలా కార్లు వాలులో పై గేరుకు మారిపోతాయి. ‘ఎల్’ అనో, ‘2’ అనో, ‘ఎమ్’ పక్కన మైనస్ గుర్తో ఉన్నది ఇందుకోసమే.

బండి మనది కాదు, డ్రైవరు మనవాడు కాదు, ఏమని చెప్తాం అని మన తల్లులు మొహమాటపడతారు. వేగం పెరుగుతున్నా ఇంజను చప్పుడు సన్నగానే ఉంటే న్యూట్రల్ అని అనుమానించండి. “బాబూ, పిల్లలున్నారు, గేరులో దింపు” అని అడగండి. మాడు వాసన వస్తే వెడల్పయిన చోట ఆపించి, అరగంటైనా చల్లారనివ్వండి. తొందరపడి వేడి డ్రమ్ముల మీద నీళ్లు పోయనివ్వకండి, అవి పగిలే ప్రమాదమున్నది.