స్వీయ ధ్రువీకరణతో ఇంటి అనుమతి - సులభమైన విధానం, పెరిగిన బాధ్యత

హైదరాబాద్: ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. నగరంలో ఇల్లు కట్టదలచిన సామాన్యునికి ఇటుక, ఇసుక, సిమెంటు కంటే ముందు ఎదురయ్యేది అనుమతి పత్రం. ఒకప్పుడు దరఖాస్తు ఇచ్చి, టౌన్ ప్లానింగ్ విభాగం పరిశీలన పూర్తయ్యే వరకు నెలల తరబడి ఎదురుచూడవలసి వచ్చేది. ఆ నిరీక్షణకు తెర దించే ఉద్దేశంతో తెలంగాణలో 2020లో భవన నిర్మాణ అనుమతుల, స్వీయ ధ్రువీకరణ విధాన చట్టం వచ్చింది. టీఎస్ బీపాస్‌గా ప్రసిద్ధి చెందిన ఈ విధానం అదే సంవత్సరం నవంబరులో ఆచరణలోకి వచ్చింది. దీనికి బీజం 2019 మున్సిపాలిటీల చట్టంలోనే పడింది. 2025లో ప్రవేశపెట్టిన బిల్డ్‌నౌ వేదిక డ్రాయింగుల పరిశీలనను మరింత వేగవంతం చేయడానికి ఉద్దేశించినది.

మూడు అంచెల విధానం

2020 చట్టం దరఖాస్తుదారులను మూడు తరగతులుగా విభజించింది. 75 చదరపు గజాల లోపు స్థలంలో, 7 మీటర్ల ఎత్తు మించకుండా, పై అంతస్తు ఒకటి వరకు కట్టుకునే నివాసానికి అనుమతి అవసరం లేదు; ఒక్క రూపాయి రుసుముతో ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలును. సుమారు 600 చదరపు గజాలు, అనగా 500 చదరపు మీటర్ల వరకు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు నిర్మించే ఇళ్లకు యజమాని స్వీయ ధ్రువీకరణపై తక్షణ అనుమతి లభిస్తుంది. అంతకు మించిన నిర్మాణాలకు ఏకగవాక్ష విధానంలో 21 రోజుల గడువు విధించారు. ఆ గడువులో నిర్ణయం వెలువడకపోతే అనుమతి లభించినట్లే పరిగణిస్తారు.

తారుమారైన క్రమం

ఈ సంస్కరణలో గమనించవలసిన ముఖ్యాంశం వేగం మాత్రమే కాదు. పూర్వం పరిశీలన ముందు, అనుమతి తరువాత. ఇప్పుడు తక్షణ అనుమతి తరగతిలో అనుమతి ముందు, పరిశీలన తరువాత. తప్పుడు వివరాలతోనో, నిబంధనలకు విరుద్ధంగానో పొందిన అనుమతిని 21 రోజులలోగా రద్దు చేసే అధికారం పురపాలక సంస్థకు ఉంది. స్వీయ ధ్రువీకరణకు భిన్నంగా కట్టిన కట్టడాన్ని నోటీసు లేకుండానే తొలగించవచ్చునని కూడా చట్టం పేర్కొంది. మరో మాటలో చెప్పాలంటే, కార్యాలయం మోసిన బరువులో అధిక భాగం యజమాని సంతకంపైకి మారింది. కంప్యూటర్ కేంద్రంలో మరొకరు నింపిన పత్రంపై చదవకుండా సంతకం చేసిన వ్యక్తి కూడా ఆ హామీకి బద్ధుడే.

అనుమతి హక్కు పత్రం కాదు

భవన అనుమతి స్థలంపై యాజమాన్య హక్కును నిర్ధారించదు. చెరువు శిఖం భూమిలోనో, ప్రభుత్వ భూమిలోనో ఉన్న స్థలం అనుమతి వచ్చినంత మాత్రాన దోషరహితం కాదు. 2012 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం చెరువులు, కుంటల పూర్తి నీటిమట్టం పరిధిలో ఎటువంటి కట్టడమూ కూడదు. 10 హెక్టార్లు, ఆపై విస్తీర్ణం గల చెరువులకు 30 మీటర్లు, అంతకంటే చిన్న వాటికి 9 మీటర్లు ఖాళీగా విడిచిపెట్టాలి. 10 మీటర్లకు మించిన వెడల్పు గల నాలాలకు 9 మీటర్లు, అంతకు లోపు వాటికి 2 మీటర్లు వదలాలి. ఇవి కాగితంపై గీతలు కావని 2020 అక్టోబరు వరదలు హైదరాబాద్ నగరానికి గుర్తు చేశాయి.

2024 జూలైలో ఏర్పాటైన హైడ్రా చెరువుల పరిధిలో తొలగింపులు చేపట్టినప్పుడు, తమ వద్ద అనుమతులు ఉన్నాయని కొన్నిచోట్ల నివాసులు వాదించారు. జీవితకాల పొదుపు, బ్యాంకు రుణం కలిపి కట్టుకున్న ఇంటికి పత్రం ఉండి కూడా రక్షణ లేకపోవడం ఆ కుటుంబానికే కాదు, ఆ పత్రం జారీ చేసిన వ్యవస్థకు కూడా ప్రశ్నయే.

సుప్రీంకోర్టు ఆదేశాలు

ఈ సందర్భంలో రెండు తీర్పులు గమనార్హం. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు, కూల్చివేతకు ముందు కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలని ఆదేశించింది. రోడ్లు, కాలిబాటలు, జలవనరుల వంటి చోట్ల గల అక్రమ కట్టడాలను దీని నుంచి మినహాయించింది. నోటీసు అక్కరలేదన్న రాష్ట్ర చట్ట నిబంధనను అమలు చేసే అధికారులు ఈ తీర్పును దృష్టిలో ఉంచుకొనవలసి ఉంటుంది. 2024 డిసెంబరు 17న వెలువడిన మరో తీర్పు నిర్మాణ స్థలంలో ఆమోదిత ప్లానును ప్రదర్శించాలని, నివాసయోగ్యతా పత్రం చూపిన తరువాతే విద్యుత్తు, నీటి కనెక్షన్లు ఇవ్వాలని నిర్దేశించింది. బ్యాంకులు సైతం ఆ పత్రాన్ని సరిచూసిన పిదపే భవనం హామీగా రుణం మంజూరు చేయాలని పేర్కొంది.

చేయవలసినది

తక్షణ అనుమతి ఇచ్చిన తరువాతి 21 రోజులే ఈ విధానానికి ఆయువుపట్టు. ఆ వ్యవధిలో క్షేత్ర పరిశీలన జరిగితే పొరపాటు పునాది దశలోనే బయటపడుతుంది. యజమానికి నష్టం స్వల్పం. అది జరగకపోతే అదే పొరపాటు శ్లాబు వేసిన తరువాత, గృహప్రవేశం జరిగిన తరువాత బయటపడుతుంది. కనుక ఎన్ని అనుమతులు ఇచ్చామన్న లెక్కతో పాటు, వాటిలో ఎన్నింటిని గడువులోగా స్థలానికి వెళ్లి పరిశీలించామన్న లెక్కను కూడా అధికారులు ప్రకటించడం, పాత్రికేయులు అడగడం సముచితం.

ఇల్లు కట్టదలచినవారు స్థలం కొనేముందే నిషేధిత భూముల జాబితాను, చెరువుల హద్దుల పటాన్ని, లేఅవుటు ఆమోదాన్ని, రోడ్డు విస్తరణ ప్రతిపాదనలను సరిచూసుకొనవలెను. ధ్రువీకరణ పత్రంలోని ప్రతి వాక్యాన్ని తెలుగులో చదివి వినిపించే సహాయకుడు వార్డు స్థాయిలో ఉంటే సామాన్యునికి ఎంతో మేలు కలుగుతుంది. ప్రభుత్వం పౌరుని మాటను నమ్మి అనుమతి ఇస్తున్నది. తాను ఏ మాట ఇస్తున్నాడో పౌరునికి స్పష్టంగా తెలిసినప్పుడే ఆ నమ్మకానికి సార్థకత చేకూరుతుంది.