ముప్పై ఏళ్లవాళ్లు ఏరీ?

దసరా తర్వాతి మంగళవారం విజయనగరం చూడాలి. పైడితల్లి అమ్మవారి సిరిమాను గుడికీ కోటకూ మధ్య తిరుగుతుంటే, తాత భుజమ్మీద మనవడు, పక్కన కొడుకూ కోడలూ. మూడు తరాలూ ఒకే వీధిలో కనిపిస్తాయి. ఆ వారం దాటగానే నడిమి తరం హైదరాబాద్, చెన్నై రైళ్లెక్కేస్తుంది. ‘గుంటలంతా ఎల్లిపోనారు బాబూ’ అన్న మాట ఉత్తరాంధ్రలో ఏ అరుగు మీద కూర్చున్నా వినిపిస్తుంది.

విశాఖ ఖర్చు భరించలేక, రిటైరయ్యాక ఉండటానికి చిన్న పట్నం వెతుక్కునేవాళ్లు ఈమధ్య పెరిగారు. నీళ్లున్నాయా, ఆసుపత్రి దగ్గరేనా, అద్దెలెంత అని అడుగుతారు. అసలు అడగాల్సింది ఆ ఊళ్లో ముప్పై ఏళ్లవాళ్లున్నారా అని. అర్ధరాత్రి ఆయాసం వస్తే ఆటో తోలేది, ఆసుపత్రిలో సెలైన్ పెట్టేది, మోటారు బాగుచేసేది ఆ వయసువాళ్లే. వాళ్లు లేని ఊళ్లో ఎంత ప్రశాంతత ఉన్నా అది ముసలితనానికి ఆసరా కాదు.

2011 జనగణనలో వెయ్యిమంది మగవాళ్లకు విజయనగరం జిల్లాలో 1,019 మంది, శ్రీకాకుళంలో 1,015 మంది ఆడవాళ్లున్నారు. ఉమ్మడి రాష్ట్ర సగటు 993. అంతకుముందు పదేళ్లలో విజయనగరం జిల్లా జనాభా నాలుగు శాతం పైచిలుకే పెరిగింది. ఈ అంకెల వెనుక ఉన్నది వలసే. హైదరాబాద్‌లో తాపీపని, గుజరాత్‌లోని వెరావల్‌లో చేపలవేట చేసేవాళ్లలో మనవాళ్లు ఎందరో. 2018లో పాకిస్తాన్ నిర్బంధించిన మత్స్యకారులూ ఈ తీరం నుంచి బతుకుతెరువుకు అక్కడికి వెళ్లినవాళ్లే.

కేరళలోని కుంబనాడ్ ఈ వలస దారిలో మనకంటే చాలా ముందుకు వెళ్లిపోయింది. అక్కడి బ్యాంకుల్లో విదేశీ డబ్బుంది, వీధుల్లో తాళాలేసిన ఇళ్లున్నాయి. మన దగ్గర అంత డబ్బూ లేదు. ఇక్కడ అరవై దాటిన అవ్వ నాలుగు వేల పింఛనుతో తనతోపాటు మనవళ్లనూ సాకుతోంది.

ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం, విజయనగరంలో జేఎన్‌టీయూ, కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉన్నాయి కదా, కుర్రకారుకు లోటేమిటని అనిపించవచ్చు. చదువుకునే కుర్రాడు హాస్టల్ గదిలో నాలుగేళ్లుండి పోతాడు. ఊరి లెక్కలోకి వచ్చేది పట్టా చేతికొచ్చాక కూడా ఇక్కడే ఇల్లు అద్దెకు తీసుకున్నవాడే.

రాష్ట్రంలో సంతాన సాఫల్య రేటు బాగా పడిపోయిందని ప్రభుత్వం కంగారు పడుతోంది. స్థానిక ఎన్నికల్లో పోటీకి ఇద్దరు పిల్లల నిబంధనను 2024లో ఎత్తేశారు. కానీ పుట్టిన బిడ్డ ఇరవై రెండేళ్లకు రైలెక్కితే ఈ జిల్లాలకు ఒరిగేదేముంది?

రోజూ పోయిరాగలిగే దూరంలో పని దొరికితేనే నడిమి తరం ఇంట్లో ఉంటుంది. ఆ లెక్కన విజయనగరానికి ఆశ ఉంది. హౌరా-చెన్నై ప్రధాన మార్గం మీద ఉన్న జంక్షన్ అది. విశాఖ రైల్లో గంట దూరం. పక్కనే భోగాపురం విమానాశ్రయం. శ్రీకాకుళానికి పైడిభీమవరం ఫార్మా పరిశ్రమలున్నా, పట్నంలో రైల్వేస్టేషనే లేదు. శ్రీకాకుళం రోడ్ పేరుతో ఉన్న స్టేషన్ పది కిలోమీటర్లకు పైగా దూరాన ఆమదాలవలసలో ఉంది. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, విశాఖలో ఉద్యోగం దొరికిన కుర్రాడు ఇక్కడి నుంచే పోయిరావాలా, అక్కడే గది తీసుకోవాలా అన్నది దానిమీదే తేలుతుంది. గది తీసుకున్నాక పెళ్లి, పిల్లలు, వాళ్ల బడి అన్నీ అక్కడే.

వచ్చే జనగణనలో వయసులవారీ లెక్కల్ని వార్డులవారీగా, త్వరగా బయటపెట్టాలి. ఏ వీధిలో అవ్వలే మిగిలారో తెలియకుండా ఆరోగ్య కేంద్రం ఎక్కడ పెడతారు? దానికోసం ఆగకుండా ఇప్పుడే చేయగలిగినవీ ఉన్నాయి. ఆమదాలవలసలో రాత్రి ఆఖరి రైలు దిగినవాళ్లకు శ్రీకాకుళం చేరే బస్సు ఉండాలి. పైడిభీమవరంలో రెండో షిఫ్టు ముగించుకున్న అమ్మాయి భయం లేకుండా విజయనగరం తిరిగి రాగలగాలి. ఆమె పిల్లాడు అప్పటిదాకా అమ్మమ్మ దగ్గర నిద్రపోతుంటాడు.