దారి మీద అవధానం

అవధానం అనగానే తెలుగువారికి ఒక సభావేదిక, చుట్టూ పృచ్ఛకులు, నడుమ ఆసీనుడైన కవి గుర్తుకు వస్తారు. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి సామాన్యులకు సైతం చేరువ చేసిన ఆ విద్య మన భాషకు అలంకారం. అయితే ఆ మాటకు మూలార్థం చాలా చిన్నది: మనసును ఒకచోట నిలపడం. అది కవులకు మాత్రమే అవసరమని మనం అనుకుంటాం. సైకిలు తొక్కేవారికి, వాహనం నడిపేవారికి, ఛాయాచిత్రం తీసేవారికి, సంగీతం వినేవారికి కూడా అది అంతే అవసరమని, అది కొరవడితే దారి ప్రమాదభరితమూ, జీవితం నిస్సారమూ అవుతాయని నా అభిప్రాయం.

అష్టావధానమంటే ఎనిమిది పనులు ఒకే క్షణంలో చేయడమని కొందరి భ్రమ. అవధాని ఒక పృచ్ఛకుని వైపు తిరిగినప్పుడు ఆ ఒక్కని ప్రశ్ననే ఆలోచిస్తాడు. ఒక పాదం చెప్పి, దానిని మనసులో భద్రపరచి, ఆ తరువాతనే మరొకని వైపు తిరుగుతాడు. చివరకు పద్యాలన్నింటినీ వరుసగా అప్పజెబుతాడు. దానినే ధారణ అంటారు. ఆ పృచ్ఛకులలో ఒకరు అప్రస్తుత ప్రసంగి. సందర్భంలేని ప్రశ్నలు వేసి అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడమే ఆయన పని. నేడు ఆ అప్రస్తుత ప్రసంగి మన జేబులోనే కొలువుదీరాడు. సెల్‌ఫోను ఆయన పేరు.

నాకు అవధానం నేర్పిన తొలి గురువు సైకిలు. గంటకింత అని అద్దె చెల్లించి తెచ్చుకున్న పెద్ద సైకిలు మీద, సీటు అందక, చట్రం మధ్యనుంచి కాలు దూర్చి తొక్కిన తరం మాది. మనసు ఒక్క క్షణం పక్కకు మళ్లితే మోకాలు చిట్లేది. అంతకన్న కఠినమైన, అంతకన్న న్యాయమైన గురువును నేను చూడలేదు. నేర్చుకున్న తరువాత ఆ సైకిలే లోకాన్ని చూపింది. వరిచేను పొట్టకు వచ్చిందో, వెన్ను తీసిందో తొక్కుతూనే తెలిసేది. వెనుకనుంచి వచ్చేది ఎడ్లబండో, లారీయో చెవి ముందుగా చెప్పేది. సైకిలుకు సాధారణంగా అద్దం ఉండదు. చెవే దాని అద్దం. రెండు చెవులకూ పాటలు తగిలించుకొని సైకిలు తొక్కే విద్యార్థిని చూసినప్పుడల్లా, తన అద్దాన్ని తానే పగులగొట్టుకున్నాడే అనిపిస్తుంది.

ఇలా పరులకు చెప్పే అర్హత నాకు పూర్తిగా ఉన్నదని చెప్పలేను. కొన్నేళ్ల క్రితం ఒక సాయంసంధ్యలో కారు నడుపుకుంటూ ఇంటికి వస్తున్నాను. లోపల త్యాగరాజ కీర్తన మోగుతున్నది. ఇంతలో ఫోను మోగింది. ఎవరు పిలుస్తున్నారో చూద్దామని మాత్రమే తల వంచాను. తల ఎత్తేసరికి ఎదుట, గడ్డిమోపు కట్టుకొని సైకిలు తొక్కుతున్న ఒక పిల్లవాడు. బ్రేకు తొక్కాను. వాడు బెదిరి సైకిలుతో సహా రోడ్డు అంచున పడ్డాడు. అదృష్టవశాత్తు దెబ్బ తగలలేదు. లేచి, బట్టలు దులుపుకొని, "ఏం కాలేదండీ" అన్నాడు. ఊడిపోయిన గొలుసును నేనే కూర్చొని ఎక్కించాను. చేతికి అంటిన నల్లటి జిడ్డు ఆ రాత్రి సబ్బుతో పోయింది. ఆ మాట మాత్రం నేటికీ పోలేదు. తప్పు చేసినవాడిని నేను, ఊరడించినవాడు వాడు.

ఆ రాత్రి లెక్క కట్టాను. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం ఒక సెకనులో దాదాపు 17 మీటర్లు సాగుతుంది. మూడు సెకన్లు తల వంచితే 50 మీటర్లు కళ్లు మూసుకొని నడిపినట్లే. మన దేశంలో 2022వ సంవత్సరంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారని కేంద్ర ప్రభుత్వ నివేదిక తెలియజేసింది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, చేతిలో ఫోను పట్టుకొని వాహనం నడపడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగుగా పరిగణించి శిక్షను నిర్ణయించింది. శిక్ష అవసరమే. కానీ మెడ వంగే ఆ మూడు సెకన్లను ఆపవలసినది పోలీసు కాదు, మనసు.

ఏళ్ల తరబడి పాఠం చెప్పిన నలోపాఖ్యానం నాకు ఆ రాత్రి కొత్తగా అర్థమయింది. బాహుకుని వేషంలో ఉన్న నలుడు ఋతుపర్ణుని రథం తోలుతుంటాడు. రాజు ఉత్తరీయం జారిపడుతుంది. ఆపమని రాజు అనేలోగానే అది ఆమడ దూరం వెనుకబడిపోయిందని సారథి సమాధానమిస్తాడు. వేగంలో జారిపోయినది తిరిగి దొరకదు. ఆ తరువాత రాజు ఒక తానిచెట్టు ఆకులనూ కాయలనూ చూపుతోనే లెక్కించి చెబుతాడు. నలునికి ఆ లెక్క సరిచూడాలనిపించింది. అశ్వహృదయం తెలిసిన అంతటి సారథి కూడా తోలుతూ లెక్కించలేదు. రథం ఆపి, కిందికి దిగి, అప్పుడు లెక్కించాడు. ఫోను మోగినప్పుడు మనం చేయవలసిన పని కూడా అంతే.

ఇక ఛాయాచిత్రాల మాట. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ గాజుపలకల మీద చిత్రాలు తీసిన కాలంలో ఒక్కొక్క చిత్రానికి ఎంతో సన్నాహం కావలసి వచ్చేది. మా యౌవనంలో ఒక ఫిల్ము రీలుకు 36 చిత్రాలు. అందువల్ల మీట నొక్కే ముందు వెలుగు ఎటునుంచి పడుతున్నదో, ముఖంలో ఏ భావం ఉన్నదో ఒకటికి రెండుసార్లు చూసేవారు. నేడు లెక్కలేనన్ని తీయవచ్చు. అది వరమే, కాదనను. కానీ పెళ్లిలో తాళి కట్టే క్షణాన బంధువులందరూ ఫోను తెరలోనే పెళ్లి చూస్తుంటే, చిత్రం దక్కుతున్నది గాని దృశ్యం దక్కుతున్నదా అన్న సందేహం కలుగుతుంది. ముందు కంటితో చూసి, తరువాత యంత్రంతో తీసిన ఒక్క చిత్రం వందకు సాటి. తన ముఖాన్ని తానే తీసుకుంటూ రైలుపట్టాల మీద నిలబడేవారిని ఏమనాలి? అప్రస్తుత ప్రసంగికి ప్రాణాలనే సంభావనగా సమర్పిస్తున్నారనాలి.

సంగీతం ఈ విషయాన్ని మరింత సూక్ష్మంగా బోధిస్తుంది. సరళీ స్వరాలు నేర్చుకునే బాలిక వాటిని మూడు కాలాలలో పాడుతుంది. మొదటి కాలం కుదురుకోనిదే గురువు మూడవ కాలానికి పోనివ్వడు. మూడవ కాలంలో స్వరాలు పరుగెత్తుతాయి గాని తాళం వేసే చెయ్యి తొందరపడదు. వేగం తప్పు కాదు. నిలకడ లేని వేగమే తప్పు. "ఆదిభట్ల నారాయణదాసు గారు చేతులతోనూ కాళ్లతోనూ వేర్వేరు తాళాలు వేస్తూ పాడేవారు కదా, పనులు ఒకేసారి చేయడం సాధ్యమే కదా" అని ఎవరైనా ప్రశ్నించవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ తాళాలన్నీ ఒకే గానానికి సేవకులు. దాని వెనుక జీవితకాలపు సాధన ఉన్నది. పాట, ఫోను, రోడ్డు అన్నవి మూడు వేర్వేరు యజమానుల కొలువులు.

నేను కారులో కీర్తన వినడం మానుకున్నాను. సంగీతం మీద అయిష్టంతో కాదు, గౌరవంతో. ఇప్పుడు ఇల్లు చేరి, కాళ్లు కడుక్కొని, దీపం దగ్గర కూర్చొని వింటాను. అంతకుముందు వందసార్లు విన్న కీర్తనలో ఒక సంగతిని మొదటిసారి విన్నాను.

విద్యార్థులకు నాదొక చిన్న సూచన. ఈ రాత్రి పడుకునే ముందు, నేడు కళాశాలకు వచ్చిన దారిని అవధానిలా ధారణ చేసి చూడండి. ఏ మలుపున ఏ చెట్టున్నది? ఎదురుపడినవారెవరు? సైకిలు మీద గడ్డిమోపుతో వెళుతున్న పిల్లవాడెవరైనా కనిపించాడా? గుర్తుకు వస్తే మీరు ఆ దారిన నిజంగా వచ్చినట్లు. గుర్తుకు రాకపోతే రేపు మళ్లీ అదే దారి ఉంటుంది; ఈసారి చూస్తూ రండి.