తలుపు తట్టండి... గైడ్ దొరుకుతారు!

డిగ్రీ మూడో ఏడు పూర్తి కావస్తున్న పిల్లలున్న ఇళ్లలో ఒకటే చర్చ. 'ఇంతటితో ఆపి ఉద్యోగం చూసుకుంటావా, నాలుగో ఏడు కూడా చదువుతావా?' అని నాన్న. 'మంచి సంబంధాలు వస్తున్న టైములో ఇంకో ఏడాదేమిటే?' అని అమ్మ. 'ఆనర్స్ విత్ రీసెర్చ్ అయితే థీసిస్ రాయాలట...' అని అమ్మాయి నసుగుడు. థీసిస్ అనగానే అందరికీ నెరిసిన గడ్డాల పీహెచ్‌డీ పండితులే కళ్లముందు మెదులుతారు. ఇరవై ఏళ్ల పిల్ల రాయగలిగేదా అది?

రాయగలిగేదే. కాకపోతే దాని లెక్కాపత్రం ముందే తెలుసుకోవాలి.

లెక్క ఇదీ...

2020 జాతీయ విద్యావిధానం తర్వాత యూజీసీ 2022 డిసెంబరులో నాలుగేళ్ల డిగ్రీకి ఒక చట్రం తయారుచేసింది. దాని ప్రకారం మూడేళ్లకు 120 క్రెడిట్లు, నాలుగేళ్లకు 160. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన తెచ్చుకున్నవాళ్లు నాలుగో ఏట పరిశోధన ఎంచుకోవచ్చు. ఆ ఏడాది 40 క్రెడిట్లలో 12 థీసిస్‌వే. పరిశోధన వద్దనుకుంటే వాటి బదులు మరికొన్ని పేపర్లు చదివి ఆనర్స్ పట్టా తీసుకోవచ్చు. రాష్ట్రాన్ని బట్టి, యూనివర్సిటీని బట్టి పద్ధతులు కాస్త మారతాయి కాబట్టి మీ కాలేజీలో ఈ కోర్సు ఉందో లేదో, నిబంధనలేమిటో అక్కడే కనుక్కోవాలి.

ఇది మరీ కొత్త సంగతేమీ కాదు. బెంగళూరులోని ఐఐఎస్సీ 2011లో మొదలుపెట్టిన నాలుగేళ్ల డిగ్రీలో చివరి ఏడాది పరిశోధనకే పెద్దపీట. 2015లో ప్రారంభమైన తిరుపతి ఐసర్‌లోనూ ఐదేళ్ల కోర్సు చివర థీసిస్ ఉంటుంది. మన పిల్లలు బోలెడంతమంది చదివే ఢిల్లీ యూనివర్సిటీలో 2022లో చేరిన బ్యాచ్ 2025లో నాలుగో ఏట అడుగుపెట్టింది.

మరి ఆ ఏడాది వృథాయేనా? కాదు. నాలుగేళ్ల డిగ్రీ చేసినవాళ్లు పీజీని ఒక్క ఏడాదిలోనే ముగించే వీలుంది. 2022 నాటి పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం 75 శాతం మార్కులుంటే నేరుగా పీహెచ్‌డీకీ అర్హులే. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ వర్గాలవారికీ, దివ్యాంగులకూ 5 శాతం సడలింపు ఉంది. అలాగని అందరూ నాలుగో ఏడు చదివి తీరాలనేం లేదు. ఇంటి పరిస్థితిని బట్టి మూడేళ్లకే పట్టా పుచ్చుకుని ఉద్యోగంలో చేరడం తప్పేమీ కాదు. 'స్నేహితులంతా చదువుతున్నారు కాబట్టి' అన్నది మాత్రం సరైన కారణం కాదు.

ప్రశ్నే పెట్టుబడి

థీసిస్ అనగానే పిల్లలు చేసే మొదటి పని పేరు వెతుక్కోవడం. 'తెలంగాణలో మహిళా విద్య- ఒక పరిశీలన', 'ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ సంక్షోభం'... వినడానికి ఘనంగానే ఉంటాయి. కానీ వాటికి ఏడాది కాదు, జీవితం చాలదు. థీసిస్‌కి కావాల్సింది పేరు కాదు, ప్రశ్న. అదీ పది నెలల్లో, మీ దగ్గరున్న బస్ పాస్‌తో, మీ ఊరి లైబ్రరీతో జవాబు వెతకగలిగేంత ప్రశ్న.

'మహిళా విద్య' అనే బదులు 'సురవరం ప్రతాపరెడ్డి 1926లో స్థాపించిన గోలకొండ పత్రిక తొలి రెండేళ్ల సంచికల్లో ఆడపిల్లల చదువు గురించి ఏమేం రాశారు?' అని అడిగి చూడండి. ఏ కాగితాలు చూడాలో, ఎక్కడ ఆగాలో వెంటనే తెలిసిపోతుంది. 'వ్యవసాయ సంక్షోభం' బదులు 'మా ఊరి చెరువు కింద పదేళ్లలో వరి ఎంత తగ్గింది, ఎందుకు తగ్గింది?' అనుకుంటే పాతిక మంది రైతులతో మాట్లాడి, గ్రామ రికార్డులు చూసి రాయొచ్చు.

ఆ సురవరం వారి ఉదాహరణే మరొకటి. తెలంగాణలో తెలుగు కవులు లేరని ఎవరో అన్నారు. ఆయన ఎదురు వ్యాసం రాసి ఊరుకోలేదు. ఊరూరి నుంచీ వివరాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చేశారు. 'నిజంగా లేరా?' అన్నదే ప్రశ్న. లెక్కే జవాబు. మంచి థీసిస్‌కి అంతకంటే గొప్ప నమూనా ఏం కావాలి!

విద్యార్థి ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయకూడదనడానికి ఇంకో తెలుగాయన కథ ఉంది. 1944లో సి.ఆర్.రావు కలకత్తా యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ పాఠం చెబుతున్నారు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లయినా లేదు. నమూనా చాలా పెద్దదైనప్పుడు వర్తించే ఒక ఫలితాన్ని బోర్డు మీద వివరిస్తుంటే, వి.ఎం.దండేకర్ అనే విద్యార్థి లేచి 'చిన్న నమూనాకు దీన్ని రుజువు చేయలేమా సార్?' అన్నాడు. రావు ఇంటికెళ్లి రాత్రంతా కూర్చుని రుజువు చేసేశారు. 1945లో అచ్చయిన ఆ వ్యాసంలోని ఫలితమే ప్రపంచమంతా చదువుకునే క్రామర్-రావు అసమానత. 2023లో ఆయనకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి దక్కడానికీ ఆ వ్యాసమే ఆధారం. ప్రశ్న అడిగిన దండేకర్ తర్వాత దేశంలో పేదరికం మీద పరిశోధించిన పేరున్న ఆర్థికవేత్త అయ్యారు.

ఎవరిని అడగాలి?

అసలు గండం ఇక్కడే. మూడేళ్లూ వెనక బెంచీలో కూర్చుని, హాజరు పలకడానికి తప్ప నోరు తెరవని పిల్లలు ఒక్కసారిగా స్టాఫ్‌రూమ్‌కి వెళ్లి 'సార్, నాకు గైడ్‌గా ఉంటారా?' అని అడగాలి. కాళ్లు వణకవూ మరి! ఇంట్లో పెద్దవాళ్లెవరూ కాలేజీ గడప తొక్కని పిల్లలకైతే ఇంకా కష్టం. ఎలా అడగాలో చెప్పేవాళ్లే ఉండరు.

పేరున్న ప్రొఫెసరే గైడ్‌గా కావాలని పట్టుబట్టకండి. ఆయన కింద ఇప్పటికే డజను మంది ఉంటే మీ చిత్తుప్రతి చదివే తీరిక ఆయనకుండదు. కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికో గంట ఇస్తే అదే పదివేలు. మీ ప్రశ్నకు దగ్గర్లో ఎవరు పనిచేశారో చూడండి. వాళ్లు రాసిన వ్యాసం ఒకటైనా చదవండి. వాళ్ల దగ్గర ప్రాజెక్టు చేసిన సీనియర్లను మూడే ప్రశ్నలు అడగండి. రాసిచ్చింది చదువుతారా? ఎన్నాళ్లకు తిరిగిస్తారా? తప్పు చేస్తే అరుస్తారా, వివరిస్తారా?

తర్వాత ఒక చిన్న ఉత్తరమో మెయిలో రాయండి. మీరెవరు, ఆయన రాసిన దేన్ని చదివారు, మీ ప్రశ్న ఏమిటి, పదిహేను నిమిషాలు ఎప్పుడివ్వగలరు... ఈ నాలుగు ముక్కలు చాలు. ఒకే ఉత్తరాన్ని నలభై మందికి పంపితే అది నలభై మందికీ తెలిసిపోతుంది. వారం పది రోజుల్లో జవాబు రాకపోతే మళ్లీ ఒకసారి గుర్తుచేయండి. పని ఒత్తిడిలో మరిచిపోయి ఉండొచ్చు. 'కుదరదమ్మా' అంటే చిన్నబోకండి. 'అయితే ఎవరిని కలిస్తే బాగుంటుంది మేడమ్?' అని అడగండి. చాలామందికి గైడ్ దొరికేది ఆ రెండో పేరులోనే.

ఒప్పుకున్నాక మొదటి రోజే కొన్ని సంగతులు తేల్చుకోవాలి. పక్షానికోసారి కలవడం, ఎప్పుడెప్పుడు ఏ అధ్యాయం ఇవ్వాలి, వ్యాసంగా అచ్చయితే ఎవరి పేరు ముందు... ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుంటే తర్వాత పేచీలుండవు. గైడ్‌కి గౌరవం ఇవ్వాలి, నిజమే. కానీ బ్యాంకు పనులు చేసిపెట్టడం, వాళ్ల పిల్లలకు ట్యూషన్ చెప్పడం థీసిస్‌లో భాగం కాదు. కలవడం డిపార్ట్‌మెంట్‌లో, పనివేళల్లోనే. ఇబ్బంది కలిగించే మాటో చేతో ఎదురైతే ఆడపిల్లలు మింగి ఊరుకోనక్కర్లేదు. 2013 చట్టం ప్రకారం కాలేజీలో ఫిర్యాదుల అంతర్గత కమిటీ ఉండి తీరాలి. ఆ కమిటీలో ఎవరెవరున్నారో ముందే తెలుసుకుని ఉంచుకోండి.

పది నెలల పంచాంగం

మొదటి రెండు నెలలు చదువు. యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు శోధ్‌గంగలో ఉచితంగా దొరుకుతాయి. పాత పత్రికలు, పుస్తకాల కోసం హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనం ఉంది. రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం ఉంది. ఒక రోజు వెళ్లి కూర్చుంటే పది రోజులు ఫోన్లో వెతికిన దానికంటే ఎక్కువే దొరుకుతుంది. తర్వాత నాలుగు నెలలు వివరాల సేకరణో, ప్రయోగాలో. మనుషులతో మాట్లాడేటప్పుడు ఎందుకు అడుగుతున్నారో చెప్పి, వాళ్లు సరేనన్నాకే రాసుకోవాలి. మిగిలిన నాలుగు నెలలూ రాత. 'అంతా చదివాక రాస్తా' అనుకుంటే ఆ రోజు రానే రాదు. వారానికి రెండు పేజీలు, అవి చెత్తగా ఉన్నా సరే, రాసి గైడ్‌కి ఇవ్వాలి. ఎర్రసిరా గీతలు ఎక్కువ పడ్డాయంటే ఆయన నిజంగా చదివారని అర్థం.

ఎవరిదో ఎత్తిరాస్తే దొరికిపోతారు. 2018 యూజీసీ నిబంధనల్లో పది శాతం దాకా పోలికలను చిన్నవిగా వదిలేస్తారు. అది దాటితే చర్యలు తప్పవు. ఇక ఇప్పటి ఏఐ చాట్‌బాట్‌లు లేని పుస్తకానికి కూడా పేజీ నంబరు చెప్పేస్తాయి. వైవాలో 'ఈ పుస్తకం ఎక్కడ చూశావమ్మా?' అని అడిగితే అప్పుడు ఆ యంత్రం వచ్చి జవాబు చెప్పదు.

అమ్మానాన్నలకో మాట

రోజూ 'ఎన్ని పేజీలయ్యాయి?' అని అడగకండి. అది వడ్డీ వసూలులా ఉంటుంది. 'ఈ వారం కొత్తగా ఏం తెలిసింది?' అని అడగండి. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగిందంటే పిల్లకు విషయం ఒంటబట్టినట్టే. చెప్పలేక తడబడితే ఎక్కడ చిక్కుపడిందో తనకే తెలుస్తుంది. ప్రయోగం విఫలమైందనో, అనుకున్న జవాబు రాలేదనో దిగాలుపడితే 'నువ్వు అనుకున్నది తప్పని తేలింది కదా, అదీ ఫలితమే' అని భుజం తట్టండి. పెళ్లి చూపులను వైవా వారానికి పెట్టకుండా ఉంటే అంతకు మించిన సాయం లేదు!

ఆ బైండింగ్ చేసిన వంద పేజీలను లోకమంతా చదవకపోవచ్చు. కానీ తనకు తానుగా ఒక ప్రశ్న వేసుకుని, తెలియనివాళ్ల తలుపు తట్టి, కాదంటే ఇంకో తలుపు తట్టి, ఏడాదిపాటు ఒకే పనికి అంటిపెట్టుకుని ముగించిన పిల్ల రేపు ఇంటర్వ్యూ గదిలోనైనా, అత్తారింట్లోనైనా, ప్రభుత్వాఫీసు కౌంటర్ దగ్గరైనా 'ఎందుకు?' అని అడగడానికి జంకదు. అందుకే ఈ వేసవి సెలవుల్లోనే ఒక కాగితం తీసుకుని ఆ ప్రశ్నేమిటో రాయమనండి. కాలేజీ తెరిచిన మొదటి వారమే స్టాఫ్‌రూమ్‌కి వెళ్లాలి మరి!